‘మా సరుకులో పీఫాస్ లేదు’ అని సంతకం పెట్టమంటున్నారు, పెట్టొచ్చా?

ప్రశ్న: మేడమ్, మా కంపెనీ వాన జాకెట్లు, బ్యాగులు తయారుచేసి యూరప్‌కీ అమెరికాకీ పంపుతుంది. నేను పర్చేజ్‌లో పనిచేస్తున్నాను. పోయిన నెల మా పెద్ద కస్టమర్ ఒక డిక్లరేషన్ పంపి, ‘మీ ఉత్పత్తుల్లో పీఫాస్ (నీరు, నూనె అంటకుండా వాడే ఫ్లోరిన్ రసాయనాలు) ఏదీ లేదు’ అని మూడు వారాల్లో సంతకం పెట్టి ఇమ్మన్నారు. నేను 64 మంది సప్లయర్లకు మెయిల్ పెట్టాను. 41 మంది జవాబిచ్చారు. ఎక్కువ మంది ఒక్క ముక్కలో ‘లేదు’ అన్నారు. కొందరు ‘పీఎఫ్ఓఏ లేదు’ అన్న పాత సర్టిఫికెట్ జతచేశారు. ఒకాయన ఫార్ములా రహస్యం, చెప్పనన్నారు. మా బాస్ ‘అందరూ లేదన్నారు కదా, పెట్టెయ్’ అంటున్నారు. కానీ సంతకం కింద ఉండేది నా పేరు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయాలి? గోడౌన్‌లో రెండేళ్ల క్రితం కొన్న గుడ్డ కూడా చాలా ఉంది, అది వాడొచ్చా?

సమాధానం: ఆ కాగితం మీద, ఆ మాటతో అయితే సంతకం పెట్టకండి. మీ భయంలో అర్థం ఉంది. ‘లేదు’ అనడానికీ ‘లేదని నాకు తెలుసు, ఇదిగో ఇలా తెలుసు’ అనడానికీ చాలా తేడా ఉంది. మీకొచ్చిన 41 జవాబుల్లో రెండో రకానివి ఎన్నో ముందు లెక్కపెట్టండి. ఐదారుకు మించి ఉండవని నా అనుభవం చెబుతోంది. మిగతావాళ్లు అబద్ధం చెప్పారని కాదు. వాళ్లలో చాలామందికి మీరేం అడిగారో కూడా అర్థమై ఉండదు.

ఎందుకంటే పీఫాస్ అనేది ఒక రసాయనం పేరు కాదు, పెద్ద కుటుంబం పేరు. కార్బన్‌ని ఫ్లోరిన్ గట్టిగా పట్టుకుని ఉన్న పదార్థాలివి. ఆ పట్టు చాలా బలమైనది కాబట్టే నీటికీ నూనెకీ వేడికీ లొంగవు. మట్టిలో, నీళ్లలో విరిగిపోకుండా ఏళ్ల తరబడి ఉండిపోయేదీ అందుకే. 2021లో ఓఈసీడీ (ఆర్థిక సహకారం కోసం ఏర్పడిన దేశాల సంస్థ) ఇచ్చిన నిర్వచనం ప్రకారం అణువులో పూర్తిగా ఫ్లోరిన్ నిండిన కార్బన్ ఒక్కటున్నా, అంటే సీఎఫ్3 గానీ సీఎఫ్2 గానీ ఉంటే, అది ఈ కుటుంబంలోదే. అలా చూస్తే పదివేలకు పైనే తేలతాయి. మీ సప్లయర్ పంపిన పాత సర్టిఫికెట్ అందులో ఒక్క పీఎఫ్ఓఏ గురించే మాట్లాడుతోంది.

నిజానికి ఆ సర్టిఫికెట్ చూస్తే నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది. విరిగిపోని విష రసాయనాల్ని ఆపడానికి దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందంలో, ఈ కుటుంబంలోని పీఎఫ్ఓఎస్‌ని 2009లో, పీఎఫ్ఓఏని 2019లో, పీఎఫ్‌హెచ్ఎక్స్ఎస్‌ని 2022లో చేర్చారు. ఒక్కోదాని మీద ఆంక్ష వచ్చినకొద్దీ గుడ్డల మిల్లులు ఎనిమిది కార్బన్ల గొలుసు వదిలేసి ఆరు కార్బన్ల గొలుసుకు మారాయి. మిల్లు వాళ్ల భాషలో సీ8 నుంచి సీ6కి. అప్పుడు ఇచ్చిన కాగితం ‘పీఎఫ్ఓఏ లేదు’ అంటే అది నిజమే. కానీ దాని వెనక సీ6 ఉండొచ్చు. ఫ్లోరిన్ అసలే లేని ఫినిష్‌ని వాళ్లు సీ0 అంటారు. మీకు కావలసిన మాట అది.

నాకు ఇది దెబ్బ తగిలాకే తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మిల్లు పంపిన ఇలాంటి సర్టిఫికెట్‌నే ఫైల్లో పెట్టి, పైకి ‘ఓకే’ అని రాశాను. కొన్ని నెలల తర్వాత కస్టమరే జాకెట్ ముక్క టెస్ట్ చేయించారు. మొత్తం ఫ్లోరిన్ 900 పీపీఎం (పది లక్షల భాగాల్లో 900) దాకా వచ్చింది. మిల్లు మేనేజర్‌కి ఫోన్ చేస్తే ఆయన చాలా మామూలుగా, ‘అది సీ6 మేడమ్, పీఎఫ్ఓఏ లేదని రాసింది కరెక్టే కదా’ అన్నారు. ఆయన తప్పు పట్టడానికి నా దగ్గర ఒక్క వాక్యం లేదు. నేను అడిగిన ప్రశ్నకే ఆయన జవాబిచ్చారు.

అందుకే మీ 64 మందికీ మళ్లీ రాయండి. ఈసారి రసాయనం పేరు అడగొద్దు, పని అడగండి. ‘మీరిచ్చే వస్తువులో నీరు జారడానికి ఏం వాడారు? నూనె అంటకుండా, మరక పట్టకుండా ఏం వాడారు? అచ్చులోంచి సులువుగా ఊడిరావడానికి ఏం పూశారు? జారుడు కోసం, వేడి తట్టుకోవడానికి ఏమైనా కలిపారా? ఆ సరుకు పేరేంటి, ఎవరి దగ్గర కొన్నారు?’ బటన్లు పోసే మనిషికి పీఫాస్ అంటే తెలియకపోవచ్చు. కానీ అచ్చుకు కొట్టే స్ప్రే డబ్బా మీద ఏ పేరుందో అతనికి బాగా తెలుసు. ఆ డబ్బా ఫొటో తీసి పంపమనండి. ఒక్క లైన్ ‘లేదు’ కంటే ఆ ఫొటో వంద రెట్లు మేలు.

మీ జాకెట్‌నే బల్ల మీద పరచుకుని చూడండి. పై గుడ్డ మీద నీరు జారే ఫినిష్ ఉందా, అది మొదటి అనుమానం. లోపల గాలి ఆడే పొర ఉంటే అది దేనితో చేశారో అడగాలి. సాగదీసిన పీటీఎఫ్ఈ (టెఫ్లాన్ అని పిలిచే ప్లాస్టిక్) అయితే ఆ పొర మొత్తం పీఫాసే, పాలీయూరిథేన్ అయితే కాదు. ఇక్కడ ‘కొంచెం కలిసింది’ అన్న మాటే ఉండదు. జిప్పు చూడండి. నీరు దిగని జిప్పుకి విడిగా పూత వేస్తారు, అది గుడ్డ మిల్లుకి సంబంధం లేని మనిషి వేస్తాడు. కుట్టుదారానికి కూడా నీరు పట్టకుండా ఫినిష్ ఇస్తారు. లోగో ప్రింటు, తోలు ముక్క, ప్లాస్టిక్ బకిల్, చివరికి జాకెట్ మడిచి పెట్టే ప్లాస్టిక్ కవరు కూడా చూడాలి. పల్చటి ఫిల్మ్ సాఫీగా రావడానికి ఫ్లోరోపాలిమర్ (ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్) చిటికెడు కలపడం ఆ పరిశ్రమలో చాలాకాలంగా ఉన్న అలవాటు.

ఇప్పుడొక చిన్న పని చేయండి, ఈ రోజే. పై గుడ్డ మీద ఒక నీటి చుక్క, దాని పక్కనే ఒక వంటనూనె చుక్క వేయండి. ఐదు నిమిషాలు ఆగండి. మైనం, సిలికోన్, యూరిథేన్ లాంటి ఫ్లోరిన్ లేని ఫినిష్‌లు నీటిని బాగానే జార్చేస్తాయి. నూనెని మాత్రం ఆపలేవు, అది మెల్లగా ఇంకిపోయి మచ్చ కడుతుంది. నూనె కూడా గుండ్రంగా, పూసలా నిలబడితే ఆ రోల్‌ని పక్కన పెట్టండి, ఫ్లోరిన్ ఉన్నట్టే అనుకోవాలి. ఇంకిపోతే మాత్రం ‘లేదు’ అని తేలినట్టు కాదు, తక్కువ మోతాదులో ఉండొచ్చు. అయినా దేన్ని ముందు ల్యాబ్‌కి పంపాలో చెప్పడానికి ఈ చుక్క చాలు.

ల్యాబ్ విషయంలో కాస్త నెమ్మదిగా చదవండి, డబ్బు పోయేదీ ధైర్యం వచ్చేదీ ఇక్కడే. టెస్టులు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి పేరు పేరునా వెతికేది. జాబితాలో ముప్పై నలభై రసాయనాలు ఉంటాయి, వాటిలో ఉన్నవి పీపీబీ (వంద కోట్ల భాగాల్లో ఒకటి) స్థాయిలో దొరుకుతాయి. జాబితాలో లేనిది ఎంత ఉన్నా కనిపించదు. సీ6 ఫినిష్ లాంటివి గుడ్డకి పాలిమర్‌గా అతుక్కుని ఉంటాయి కాబట్టి మామూలు ద్రావకంతో కడిగితే సరిగా బయటికి రావు. అందుకే ‘నాట్ డిటెక్టెడ్’ అని నిండుగా రాసిన రిపోర్టు పక్కనే 900 పీపీఎం ఫ్లోరిన్ ఉండటం వింతేమీ కాదు. రెండోది మొత్తం ఫ్లోరిన్ టెస్ట్. ముక్కను కాల్చి, వచ్చిన ఫ్లోరిన్‌ని నీళ్లలో పట్టి కొలుస్తారు. ఏ పేరుతో దాక్కున్నా ఇందులో బయటపడుతుంది. మీరు దీనితో మొదలుపెట్టండి. అంకె పెద్దదిగా వస్తే అప్పుడు పేర్లు వెతకొచ్చు.

అయితే అంకె రాగానే సప్లయర్ మీద విరుచుకుపడొద్దు. ఫ్లోరిన్ అంతా పీఫాస్ కాదు. మెరుపు ప్రింట్లలో వాడే కృత్రిమ అభ్రకంలో ఫ్లోరిన్ ఉంటుంది, అది ఖనిజం, దానికీ పీఫాస్‌కీ సంబంధం లేదు. ఒకసారి ఒక లోగో దగ్గర ఇలాగే అంకె పెరిగి అందరం హడలిపోయాం. ప్రింటు లేని చోట కత్తిరించి మళ్లీ పంపితే ఏమీ రాలేదు. అప్పుడు రంగు తయారుచేసినవాళ్ల దగ్గర పదార్థాల వివరం తీసుకుని ఫైల్లో పెట్టాం. అంకె, దానికి కారణం, రెండూ పక్కపక్కన ఉండాలి.

ఇంకో మాట, ఇది ల్యాబ్ వాళ్లు అడగకపోతే చెప్పరు. ఖర్చు తగ్గించడానికి మూడు నమూనాలు కలిపి ఒకే టెస్ట్ చేస్తామంటారు. జిప్పులో 90 పీపీఎం ఉండి, మిగతా రెండింటిలో ఏమీ లేకపోతే సగటు 30 వస్తుంది. హద్దు 50 అయితే పాస్ అయిపోతుంది. పూత ఉన్న ఏ భాగాన్నీ ఇంకొకదానితో కలపనివ్వకండి.

ఇక చట్టాలు. ఇవన్నీ మీరు కంఠస్థం చేయాల్సిన పని లేదు గానీ, డిక్లరేషన్‌లోని మాట ఏ చట్టం నుంచి వచ్చిందో తెలిస్తే సగం గొడవ తీరుతుంది. అమెరికా రాష్ట్రాలు ఎక్కువగా ‘కావాలని కలిపిన’ పీఫాస్ గురించి మాట్లాడతాయి. యూరప్‌లో మీరు కావాలని కలిపారా లేదా అన్నది ప్రశ్నే కాదు, వస్తువులో ఎంత ఉందన్నదే లెక్క. ఈ రెండిటినీ ఒకే ఫారంలో కలిపేస్తారు కస్టమర్లు, అక్కడే మనం ఇరుక్కుంటాం.

మీకు దగ్గరగా ఉన్నవి చెబుతాను. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి చాలా రకాల వస్త్రాల మీద ఆంక్ష ఉంది. కావాలని కలిపినదైతే అసలు కుదరదు, అది కాక మొత్తం ఆర్గానిక్ ఫ్లోరిన్ (కార్బన్‌కి అతుక్కున్న ఫ్లోరిన్) 100 పీపీఎం దాటకూడదు. 2027 జనవరి 1 నుంచి ఆ హద్దు 50కి దిగుతుంది. అక్కడ తయారీదారు సంతకంతో సర్టిఫికెట్ కూడా ఇవ్వాలి, మీ కస్టమర్ తొందర దానికే కావచ్చు. ఫ్రాన్స్‌లో 2026 జనవరి 1 నుంచి బట్టలు, పాదరక్షలు, వాటికి కొట్టే వాటర్‌ప్రూఫ్ స్ప్రేల మీద నిషేధం ఉంది. యూరోపియన్ యూనియన్ మొత్తానికి పీఎఫ్‌హెచ్ఎక్స్ఏ మీద ఆంక్ష 2024లో వచ్చింది. సీ6 ఫినిష్ విరిగితే చివరికి మిగిలేది ఇదే. జనం వేసుకునే బట్టలకీ వాటి అనుబంధ వస్తువులకీ 2026 అక్టోబర్ 10 నుంచి, మిగతా వస్త్ర వస్తువులకు 2027 అక్టోబర్ 10 నుంచి అమలు. హద్దు 25 పీపీబీ, దానిగా మారగల పదార్థాలకైతే 1000 పీపీబీ. మీ బ్యాగులు ఏ గుంపులోకి వస్తాయో కస్టమర్‌నే రాతపూర్వకంగా అడగండి.

25 పీపీబీ అంటే ఎంతో ఒక్కసారి ఊహించుకోండి. ఒక టన్ను గుడ్డలో 25 మిల్లీగ్రాములు. మిల్లులో గుడ్డని ఫినిష్ తొట్టెలో ముంచి, రోలర్ల మధ్య పిండి, వేడి గదిలోకి పంపుతారు. పొద్దున సీ6 నడిపిన తొట్టెలో మధ్యాహ్నం మీ సీ0 గుడ్డ నడిపితే, గొట్టాల్లో, రోలర్ల మీద మిగిలిన తడి మీ గుడ్డకి అంటుకుంటుంది. మిల్లు నిజాయితీగా ‘సీ0యే వాడాం’ అంటుంది, టెస్ట్ ‘ఉంది’ అంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అందుకని మిల్లుని ‘ఏం వాడారు’ అని అడిగి ఊరుకోకండి. ‘ఈ లైన్ మీద అంతకుముందు ఏం నడిపారు, మధ్యలో ఎలా కడిగారు’ అని అడగండి. వీలైతే సీ6 అసలు లేని మిల్లుకే ఆర్డర్ ఇవ్వండి.

మొత్తం పీఫాస్ కుటుంబాన్నే ఆపాలని జర్మనీ, నెదర్లాండ్స్, డెన్మార్క్, స్వీడన్, నార్వే కలిసి 2023లో పెట్టిన పెద్ద ప్రతిపాదన కూడా ఉంది. దాని మీద 5,600కు పైగా అభిప్రాయాలు వచ్చాయి, 2025 ఆగస్టులో సవరించిన రూపం బయటికొచ్చింది. నేను ఇది రాసేనాటికి అది ప్రతిపాదనే. కానీ మీరు ఇవాళ చేసే పట్టికలో ప్రతి భాగానికీ మొత్తం ఫ్లోరిన్ అంకె ఉంటే అది వచ్చిన రోజు మళ్లీ మొదటికి రానక్కర్లేదు.

రహస్యం అన్న సప్లయర్ గురించి. ఆయన్ని శత్రువులా చూడకండి. ఫార్ములా ఆయనది కాకపోవచ్చు, ఆయనకి అమ్మిన రసాయన కంపెనీది కావచ్చు, ఆయనకే తెలియకపోవచ్చు. ఫార్ములా వద్దని ముందే చెప్పండి. ‘పూర్తిగా ఫ్లోరిన్ నిండిన కార్బన్ ఉన్న పదార్థం ఏ మోతాదులోనైనా ఉందా లేదా’ అన్న ఒక్క ప్రశ్నకి, రసాయన కంపెనీ లెటర్‌హెడ్ మీద, సరుకు పేరుతో సహా జవాబు తెప్పించమనండి. అదీ కుదరదంటే రెండు పక్షాలూ నమ్మే ల్యాబ్‌కి నేరుగా వివరాలిచ్చి, మీకు ఫలితం మాత్రం చెప్పే ఏర్పాటు చేయొచ్చు. దానికీ ఒప్పుకోకపోతే ఆ సరుకు టెస్ట్ చేయించండి, ఈలోగా ఇంకో సప్లయర్‌ని వెతకండి. ఒకవేళ ఆయన సేఫ్టీ డేటా షీట్ చూపించి ‘ఇందులో ఫ్లోరిన్ అని ఎక్కడా లేదు’ అంటే సరిపోదు. ఆ షీట్‌లో ప్రమాదకరమని గుర్తించినవి, ఒక మోతాదు దాటినవి రాస్తే చాలు. పాలిమర్లు చాలాసార్లు అందులోకి ఎక్కవు.

జవాబివ్వని 23 మందినీ ఒకేలా తరమకండి. కార్టన్ డబ్బా వాళ్ల కంటే జిప్పు వాళ్లు ముందు. నీరు, నూనె, వేడి, జారుడు అన్న నాలుగు మాటల్లో ఏదీ తగలని భాగాల్ని కింద పెట్టి, తగిలేవాటి వెంట పడండి. ఇక ముందు కొనే ప్రతి ఆర్డర్‌లోనూ ఫినిష్ గానీ, దాని సప్లయర్ గానీ మారితే ముందుగా రాతపూర్వకంగా చెప్పాలన్న షరతు చేర్చండి. రసాయనం మారిన సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్లే మంచి కంపెనీలు కూడా ఇరుక్కున్నాయి.

మీ బాస్‌తో మాట్లాడటానికి ఒక మాట ఇస్తాను. నీరు జారాలంటే ఫ్లోరిన్ అక్కర్లేదు, సీ0 ఫినిష్‌లు చాలు. నూనె మరక పట్టకూడదు అంటేనే ఇబ్బంది. వాన జాకెట్‌కి నూనె మరకల రక్షణ నిజంగా కావాలా అని కస్టమర్‌ని అడగండి. చాలామంది ‘అది మేమెప్పుడూ అడగలేదే’ అంటారు. స్పెసిఫికేషన్‌లో ఆ ఒక్క గీత కొట్టేస్తే సమస్యలో పెద్ద భాగం పోతుంది.

ఇదంతా కాగితాల గొడవేగా అని ఎవరైనా అంటే, పీఫాస్ మీద అమెరికాలోని మినెసోటా రాష్ట్రం తెచ్చిన చట్టం పేరు చెప్పండి. దాన్ని అమారాస్ లా అంటారు. అమారా స్ట్రాండే అనే అమ్మాయి అరుదైన కాలేయ క్యాన్సర్‌తో ఉంటూనే చట్టసభ ముందుకొచ్చి ఈ రసాయనాల్ని ఆపమని సాక్ష్యం చెప్పింది. 2023లో, 20 ఏళ్ల వయసులో చనిపోయింది. అదే ఏడాది చివర్లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ పీఎఫ్ఓఏని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో పెట్టింది. 2024లో అమెరికా తాగునీటిలో పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్‌లకు పెట్టిన హద్దు ఒక్కొక్కదానికి లీటరుకు 4 నానోగ్రాములు. మన తొట్టెలోంచి కాలవలోకి పోయిన నీళ్లు ఎక్కడో ఒకరి గ్లాసులోకి చేరతాయి. నేను ఈ పనిలో ఇన్నేళ్లు ఉండిపోవడానికి కారణం అదే, జరిమానాల భయం కాదు.

ఇప్పుడు కస్టమర్‌కి ఏం రాయాలో చెబుతాను. గడువు తప్పించుకోవద్దు, గడువులోపే పంపండి. కానీ వాళ్ల ఫారం మీద కాకుండా మీ మాటల్లో. ‘ఈ తేదీ నాటికి, ఈ మోడళ్లలో, మేము పీఫాస్‌ని కావాలని వాడటం లేదని మాకు ఈ భాగాల సప్లయర్ల నుంచి ఆధారం అందింది. ఈ భాగాలకు మొత్తం ఫ్లోరిన్ టెస్ట్ చేయించాం, ఫలితాలు జతచేశాం. ఈ భాగాల సమాచారం ఇంకా రావాలి, ఈ తేదీలోపు పంపుతాం. పీఫాస్ అన్న మాటకు మేము తీసుకున్న నిర్వచనం ఇది.’ ఆధారం లేని మోడల్ పేరు మొదటి వాక్యంలోకి రానివ్వకండి. ఆ చివరి వాక్యం మర్చిపోకండి, చట్టానికో నిర్వచనం ఉంది. కారు ఏసీలో వాడే ఆర్-134ఏ గ్యాస్ ఓఈసీడీ లెక్కలో పీఫాస్, అమెరికా పర్యావరణ సంస్థ రిపోర్టింగ్ నిబంధనలో మాత్రం రాదు. కింద మీ సంతకంతో పాటు బాస్ సంతకం కూడా ఉండాలని అడగండి. కంపెనీ తరఫున ఇచ్చే మాట మీ ఒక్కరి భుజాల మీద ఉండకూడదు. నేను చూసినంతవరకు, ‘ఇంతవరకు తెలుసు, ఇది తెలియదు’ అని రాసిన సప్లయర్‌ని కస్టమర్లు వదులుకోలేదు.

గోడౌన్‌లోని గుడ్డ సంగతి. యూరప్ నిబంధనలో గుడ్డ మీరెప్పుడు కొన్నారన్నది చూడరు, జాకెట్ అక్కడి మార్కెట్లోకి ఎప్పుడు వెళ్లిందన్నది చూస్తారు. దిగుమతి కూడా మార్కెట్లో పెట్టినట్టే లెక్క. కాబట్టి పాత గుడ్డతో కుట్టిన కొత్త జాకెట్‌కి మినహాయింపు ఉంటుందనుకోకండి. చవగ్గా ఎవరికో అమ్మేద్దామని గానీ, కాల్చేద్దామని గానీ అనుకోవద్దు. మామూలు మంటకి ఇవి పూర్తిగా నాశనం కావు. మిల్లు వెనక్కి తీసుకుంటుందేమో అడగండి, లేకపోతే ప్రమాదకర వ్యర్థాల్ని అధిక ఉష్ణోగ్రతలో కాల్చే లైసెన్సు ఉన్నవాళ్లకి అప్పగించాలి. దానికి ముందు రేపు పొద్దున గోడౌన్‌కి వెళ్లి ప్రతి రోల్ నుంచీ అరచేతంత ముక్క కత్తిరించండి, రోల్ నంబరు రాసి విడివిడి కవర్లలో పెట్టండి, నూనె చుక్క వేసి చూడండి. పూసలా నిలబడిన రోల్స్‌కి ఎర్ర ట్యాగ్ కట్టి తాళం వేయించండి. మిగతావాటిలోంచి లాట్‌కి ఒక ముక్క ల్యాబ్‌కి పంపి, రిపోర్టు వచ్చేదాకా కటింగ్ టేబుల్ మీదికి రానివ్వకండి.